మూడు జతల మేజోళ్ళు

నా చిన్నప్పుడు మా ఇంట్లో చలికి ఒకటే మందు ఉండేది, ఉన్నదాని మీద ఇంకొకటి తొడగడం. స్వెట్టర్ చాలకపోతే దాని మీద ఇంకో స్వెట్టర్, దుప్పటి చాలకపోతే దాని మీద ఇంకో దుప్పటి. మేము న్యూజెర్సీలో, పార్సిప్పనీలో ఒక అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో ఉండేవాళ్ళం. లోపల హీటర్ వేడికి పల్చటి గౌనుతో తిరగొచ్చు. అయినా బడికి బయల్దేరేసరికి మా అమ్మ నన్ను ఎంతలా చుట్టేదంటే, రెండు చేతులూ కిందికి దిగేవి కావు. అలాగే చాపుకుని బస్సెక్కేదాన్ని. తోటి పిల్లలు పకపకా నవ్వేవాళ్ళు. ఇప్పుడు నాకు యాభై దగ్గరపడుతున్నాయి, ఆ నవ్వులు గుర్తొస్తే నాకూ నవ్వొస్తుంది. కానీ నేను చెప్పబోయేది నవ్వులాట సంగతి కాదు. పదేళ్ళ వయసులో, ఒక ఆదివారం, నా కాళ్ళను నేనే చూసుకుని కొయ్యబారిపోయిన సంగతి.

ఆ ఏడాది మా తాతయ్య, అంటే మా నాన్నగారి నాన్న, ఆరు నెలలు ఉండి వెళ్దామని విజయవాడ నుంచి వచ్చారు. రైల్వేలో గూడ్సు గార్డుగా చేసి రిటైరైన మనిషి. బండి చివరి పెట్టెలో ఒంటరిగా ముప్ఫై శీతాకాలాలు గడిపానని, చలి గురించి తనకు తెలిసినంత ఈ అమెరికా వాళ్ళకు కూడా తెలియదని ఆయన గట్టి నమ్మకం. విజయవాడలో చలేమిటని మీరు అడగొచ్చు. మా నాన్న ఒకసారి అడిగి తిట్లు తిన్నాడు. ఇంట్లో ఉన్నా సరే, తాతయ్య మంకీ క్యాప్, మఫ్లర్ తీసేవారు కాదు.

కోపం ముక్కు మీదే ఉండేది గాని, నేనంటే ఆయనకి ప్రాణం. రోజూ సాయంత్రం నన్ను డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టి తెలుగు అక్షరాలు దిద్దించేవారు. ఇవాళ నేను రాస్తున్న ఈ తెలుగు ఆయన చెవి మెలిపెట్టి నేర్పిందే. దానితో పాటు ఇంకో పాఠం కూడా ఉండేది, కాళ్ళ గురించి. కాలు పుస్తకానికి తగిలితే పుస్తకాన్ని ముట్టుకుని కళ్ళకద్దుకోవాలి. పేపరుకి తగిలినా అంతే. మనిషికి తగిలితే ఇక చెప్పక్కర్లేదు. సోఫాలో పడుకున్నప్పుడు నా పాదాలు ఆయన వైపు తిరిగి ఉన్నా ఒప్పుకునేవారు కాదు. ఇక్కడ పెరిగే పిల్లకి ఇవన్నీ ఎందుకని నాన్న గొణిగేవాడు. నాకు మాత్రం అలవాటైపోయింది. బస్సులో పక్కపిల్ల కాలికి నా కాలు తగిలినా గబుక్కున వంగి దణ్ణం పెట్టేదాన్ని, ఆ పిల్లేమో నాకేదో కింద పడిపోయిందనుకుని తనూ వంగి వెతికేది.

మా పై అంతస్తులో ఒక ఆంటీ ఉండేది. తెలుగావిడే, హాస్పిటల్లో నర్సు. మంచు పడితే మనవాళ్ళంతా తలుపులు బిడాయించుకుని కూర్చుంటే, ఈవిడ కారు పైన మంచు మీద జారే పొడుగాటి పలకలు, స్కీలు, కట్టుకుని ఎక్కడికో వెళ్ళి, బుగ్గలు ఎర్రగా చేసుకుని తిరిగొచ్చేది. కొండ మీంచి జర్రున దిగే స్కీయింగ్ కాదు అది. క్రాస్ కంట్రీ అంటారు. చదునైన మంచు మీద, చెట్ల మధ్య దారుల్లో, అడుగు తీసి అడుగు వేస్తూ జారుకుంటూ నడవడం. ఏటా ఒక ఆదివారం కాంప్లెక్స్‌లోని పిల్లల్ని తనతో తీసుకెళ్ళేది. రెండేళ్ళు బతిమాలితే ఆ ఏడు నాకు అనుమతి దొరికింది, అదీ తాతయ్య తోడు వస్తేనే. ఆడపిల్లని ఊరుకాని ఊళ్ళో మంచులోకి ఒంటరిగా పంపిస్తారా అని ఆయన పట్టుపట్టారు.

శనివారం సాయంత్రం ఆంటీ కిందికి వచ్చి నా చేతిలో ఒక జత సాక్స్ పెట్టింది. బూడిదరంగువి, ఉన్నివి, మరీ మందంగా కూడా లేవు. "ఇవొక్కటే వేసుకో నాన్నా. లోపల కాటన్‌వి ఏవీ వద్దు, నడిస్తే బాగా చెమట పడుతుంది" అని చెప్పి, డ్యూటీకి టైమైందని వెళ్ళిపోయింది.

తాతయ్య వాటిని అందుకుని బుగ్గకి రాసుకున్నారు. గరుగ్గా ఉన్నాయన్నారు. లైటుకి ఎత్తి పట్టి చూసి పెదవి విరిచారు. ఇంత పల్చటివి ఒక్క జతతో పంపడమంటే పిల్లకి న్యుమోనియా తెప్పించడమేనని తేల్చేశారు.

"ఆవిడ ఒకటే వెయ్యమంది మామయ్యగారూ" అని అమ్మ నసిగింది.

"ఆవిడ నర్సయితే కావచ్చమ్మా. గూడ్సు బండి వెనక పెట్టెలో ఎప్పుడన్నా కూర్చుందా?"

అమ్మ వెళ్ళి బీరువా తెరిచింది. డజను జతల కట్టలోంచి తెల్లటి కాటన్ సాక్స్ మూడు జతలు తీయించి, ఒకదాని మీద ఒకటి ఆయనే స్వయంగా నాకు తొడిగి చూశారు. దిండు మీద నిలబడ్డట్టు మెత్తగా ఉంది. నిజం చెప్పాలంటే నాకూ అవే నచ్చాయి. మరి ఆ ఉన్నివో? నా పాదాలు వయసుకి మించి పెద్దవి, తాతయ్యవి మగవాళ్ళలో చిన్నవి. దండగ చెయ్యడమెందుకని మర్నాడు పొద్దున్న వాటిని ఆయనే తొడుక్కున్నారు.

గంటసేపు ఉత్తరంగా డ్రైవ్ చేశాక ఆంటీ కారు ఒక పార్కు ముందు ఆగింది. మంచు తప్ప ఇంకేమీ కనపడలేదు. ఒక చెక్క గది, అందులో కట్టెల పొయ్యి, పక్కనే బూట్లూ స్కీలూ అద్దెకిచ్చే కౌంటర్. కౌంటర్ ఆయన నా పాదం కొలిచి బూట్లు తెచ్చాడు. మూడు జతలతో కాలు అందులో దూరలేదు. రెండు నంబర్లు పెద్దది అడగమని తాతయ్య నన్ను పురమాయించారు. మా ఇంట్లో పిల్లల బూట్లు ఎప్పుడూ పెద్దవే కొనేవాళ్ళు, వచ్చే ఏడు కూడా రావాలి కదా. సాయంత్రానికి తిరిగి ఇచ్చేసే అద్దె బూట్లకి వచ్చే ఏడాది సంగతేమిటని నాకు తట్టలేదు, ఆయనకీ తట్టలేదు. "పిల్ల ఎదుగుతోందని చెప్పు" అన్నారు. చెప్పాను. కౌంటర్ ఆయన నా మొహం, తాతయ్య మొహం మార్చి మార్చి చూసి పెద్దవి తెచ్చిచ్చాడు. అందులోనూ కాలు కూరితేగాని దిగలేదు. అప్పటికి ఆంటీ బయట చిన్నపిల్లలకి స్కీలు తగిలిస్తోంది. నా కాళ్ళలో ఏముందో ఆవిడ చూడలేదు.

మొదటి గంట ఎంత బాగుందో చెప్పలేను. బూటు ముందు భాగమే స్కీకి అతుక్కుని ఉంటుంది, మడమ పైకి లేస్తుంది. రెండు కర్రలు ఆనించి ఒక్క తోపు తోస్తే మంచు మీద సర్రున ముందుకి పోతాం. పది అడుగులకోసారి పడ్డాను. పడ్డప్పుడల్లా లేచాను. చెమటతో ఒళ్ళంతా తడిసిపోయింది, కాళ్ళు కూడా. దారి గుండ్రంగా తిరిగి చెక్క గది దగ్గరికే వస్తుంది. ప్రతి చుట్టుకీ తాతయ్య గది బయట నిలబడి, గార్డుగా ఉన్న రోజుల్లోలాగే చెయ్యి ఊపేవారు.

తరవాత వేళ్ళు సలపడం మొదలైంది. ముందు బిగుతుగా, ఆ తరవాత ఎవరో పటకారుతో పట్టి నొక్కుతున్నట్టుగా. ఒక చుట్టు అయ్యాక ఆగి తాతయ్యకి చెప్పాను. కొత్త చెప్పులు ఎవరినైనా కరుస్తాయి, కాసేపు తిరిగితే అవే సర్దుకుంటాయి అన్నారు ఆయన. పెద్దల మాట చద్దన్నం మూట అంటారు కదా. నేను మూట కట్టుకుని మళ్ళీ బయల్దేరాను. ఆ చుట్టంతా కళ్ళనీళ్ళతోనే తిరిగాను, ఆపితే ఇంటికి తీసుకెళ్ళిపోతారేమోనన్న భయం ఒకటి.

ఆ పైన ఒక వింత జరిగింది. నొప్పి ఆగిపోయింది. ఉన్నట్టుండి, ఎవరో స్విచ్ కట్టేసినట్టు. కాళ్ళు తేలిగ్గా, హాయిగా అయిపోయాయి. ఎగురుకుంటూ తాతయ్య దగ్గరికి వచ్చి, నొప్పి పూర్తిగా పోయిందని చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది.

"చూశావా మరి! మూడు జతలంటే మాటలా!" అని, అటుగా వస్తున్న ఆంటీని కూడా కేకేసి పిలిచారు. "అమ్మాయ్, పిల్లకి కాళ్ళు నొప్పన్నది, పోయింది. నీ ఒక్క జతనే నమ్ముకుని ఉంటే ఏమయ్యేదో!"

ఆంటీ నవ్వుతుందనుకున్నాను. ఆవిడ మొహంలో రంగు పోయింది. స్కీలు విప్పి అక్కడే పారేసి, మంచులో మోకాళ్ళ మీద కూర్చుని నా బూటు పట్టుకుంది. "నొప్పి ఎప్పుడు పోయింది? వేళ్ళు కదుపు నాన్నా. కదుపు." కదిపాను. అంటే కదపాలనుకున్నాను. లోపల ఎవరూ లేరు. మళ్ళీ ప్రయత్నించాను. నా కాలి చివర వేళ్ళున్నాయో లేవో నాకే తెలియలేదు. 

ఆవిడ నన్ను ఎత్తుకుని గదిలోకి పరిగెత్తింది. బల్ల మీద కూర్చోబెట్టి బూట్లు లాగింది. పైజత తడి. రెండోది ఇంకా తడి. మూడోది పిండితే నీళ్ళు కారేలా ఉంది. అది కూడా తీసేశాక నా ఎడమకాలి వేళ్ళు ముగ్గుపిండిలా తెల్లగా ఉన్నాయి. కుడికాలివి కొంచెం నయం. నేను వంగి చిటికెన వేలు ముట్టుకున్నాను. చేతికి వేలు తగిలింది గాని, వేలికి చెయ్యి తగల్లేదు. గిల్లి చూశాను. ఎవరో అరువిచ్చిన వేలిలా ఊరికే ఉంది. ఏడుపు కూడా రాలేదు నాకు. నోరు తెరుచుకుని అలాగే చూస్తుండిపోయాను.

తాతయ్య జేబులోంచి బామ్ సీసా తీసి నా వేళ్ళు రుద్దబోయారు. ఆంటీ ఆయన చెయ్యి పట్టేసుకుంది. "రుద్దకండి బాబాయిగారూ! చర్మం ఊడి వస్తుంది!" అని అరిచింది. మా తాతయ్య మీద ఒకరు అరవడం నేను అంతకుముందు చూడలేదు. పోనీ పొయ్యి దగ్గర పెడదామన్నారాయన. ఆవిడ దానికీ అడ్డుపడింది. స్పర్శ లేని కాలు కాలిపోయినా పిల్లకి తెలియదంది.

"మరి ఇది తిమ్మిరేగా అమ్మాయ్? పోతుందిగా?"

"తిమ్మిరి కాదండీ. తడి సాక్స్, బిగుతు బూటు, రక్తం అందట్లేదు. ఇలాగే వదిలేస్తే వేళ్ళు తీసెయ్యాల్సొస్తుంది. మెల్లగా ఒంటి వేడి ఇవ్వాలి. పొట్ట మీద పెట్టుకోవాలి, బట్ట అడ్డం లేకుండా." అంటూ ఆవిడ తన జాకెట్ జిప్ లాగబోయింది.

తాతయ్య ఆవిడ భుజం మీద చెయ్యి వేసి ఆపారు. మఫ్లర్ తీసి పక్కన పడేశారు. ఓవర్‌కోటు విప్పారు. దాని కింద రెండు స్వెట్టర్లు, చొక్కా. గదిలో పదిమంది తెల్లవాళ్ళు కాఫీ కప్పులు పట్టుకుని చూస్తున్నారు. మా నాన్న ఎదుట కూడా చొక్కా లేకుండా తిరగని మనిషి, వాళ్ళందరి ముందూ బనీను పైకెత్తి, బల్ల మీద నాకెదురుగా కూర్చుని, నా రెండు పాదాలూ తీసి తన పొట్టకి హత్తుకున్నారు. చల్లదనానికి ఆయన నోటివెంట ఒక్కసారిగా ఊపిరి బయటికొచ్చింది. వదల్లేదు. పైనుంచి స్వెట్టర్ కప్పేసి రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నారు.

వేళ్ళు తెల్లబడినప్పటి కంటే అప్పుడే నేను ఎక్కువ హడలిపోయాను. తాతయ్య ఒంటి మీద నా కాళ్ళు! వెనక్కి గుంజుకోబోయాను. కుదరకపోయేసరికి, అలవాటు చొప్పున వంగి ఆయన్ని ముట్టుకుని కళ్ళకద్దుకోబోయాను. ఆయన నా చేతులు కూడా పట్టేసుకున్నారు. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపారు. ఏ కాళ్ళు తన వైపు తిరిగితే కసురుకునేవారో ఆ కాళ్ళు ఆయన పొట్ట మీద ఉన్నాయి. నేర్పిన మనిషే ఇలా చేస్తే ఇక నేనేం పట్టుకోవాలో నాకు తెలియలేదు. బహుశా ఒక పిల్ల పెద్దదవడం ఇలాంటి చోటే మొదలవుతుందేమో.

ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. ఆంటీ మధ్యమధ్య స్వెట్టర్ ఎత్తి వేళ్ళు చూస్తోంది, మళ్ళీ కప్పేస్తోంది. తాతయ్య ఆవిడ మొహం చూస్తున్నారు.  

ఇంతలో ఒక సూది. ఆ తరవాత వంద సూదులు. ఆ పైన నిప్పుల్లో పెట్టినట్టు మంట. నేను కెవ్వుమన్నాను. మామూలుగా నేను ఏడిస్తే ఆయనకి చిరాకు, నోరు మూసుకోమనేవారు. ఆ రోజు మాత్రం, "ఏడువమ్మా, ఏడువు. గట్టిగా ఏడువు నా తల్లీ" అంటూ ఆయనే ఏడ్చేశారు. ఆంటీ స్వెట్టర్ ఎత్తి చూసింది. వేళ్ళు కందిపోయి ఎర్రగా ఉన్నాయి. చిటికెన వేలొకటి మాత్రం ఇంకా పాలిపోయే ఉంది, దానికి డాక్టర్ కావాలంది.

లేచే ముందు తాతయ్య తన బూట్లు విప్పారు. పొద్దుణ్ణించీ మంచులో నిలబడ్డ మనిషి. కాళ్ళనుంచి ఆ బూడిదరంగు ఉన్ని సాక్స్ తీసి నాకు తొడిగారు. అవి వెచ్చగా ఉన్నాయి. ఆ వెచ్చదనం ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. నా కాళ్ళకి రావాల్సింది రోజంతా ఆయన కాళ్ళకుంది. ఆయన తల వంచుకుని, ఒట్టి కాళ్ళతోనే బూట్లు వేసుకుని, నన్ను ఎత్తుకుని కారు దాకా నడిచారు. అరవై అయిదేళ్ళ మనిషి, నేనేమో పదేళ్ళ దాన్ని, ఎత్తుకోవలసిన వయసు ఏనాడో దాటింది. ఆంటీ తానెత్తుకుంటానంటే వినలేదు.

డాక్టర్ చూసి, సమయానికి పట్టుకున్నారు, వేళ్ళన్నీ దక్కుతాయి అన్నాడు. చిటికెన వేలికి బొబ్బ లేచి, చర్మం ఊడి, నెల రోజులకి మానింది. ఇంటికెళ్ళాక అమ్మ గుమ్మంలోనే ఏమైందని అడిగింది. ఆంటీ ఏదో సర్దిచెప్పబోయింది. తాతయ్య ఆవిణ్ణి చెప్పనివ్వలేదు. "నేనే చేశానమ్మా. ఈవిడ చెప్పింది, నువ్వూ చెప్పావు, నేను వినలేదు" అని కోడలి ముందు నిలబడి చెప్పారు. మా అమ్మ ఆయనకి మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

ఆ మరుసటి వారం ఆయన పాకెట్ డైరీ పట్టుకుని పై అంతస్తుకి వెళ్ళారు, పాఠం చెప్పమ్మా అంటూ. ఉన్నిది ఎందుకు? తడిసినా వెచ్చగా ఉంటుంది, కాటన్ తడిస్తే ఒంటి వేడిని లాగేస్తుంది. ఒక్క జతే ఎందుకు? వేళ్ళు ఆడాలి, ఆడితేనే రక్తం తిరుగుతుంది. వేళ్ళ దగ్గర కుట్టు లావుగా ఉండకూడదు, మడమ దగ్గర ముడత పడకూడదు, పైన ఎలాస్టిక్ కోసుకోకూడదు, బూటు అంచు కంటే పైకి రావాలి. జేబులో ఇంకో పొడి జత ఉండాలి. అన్నీ తెలుగులో రాసుకుని షాపుకి వెళ్ళారు. ప్రతి సాక్స్‌నీ తిరగేసి, లోపల చెయ్యి పెట్టి, బెండకాయ కొన విరిచి చూసినంత శ్రద్ధగా చూశారు. షాపులో అమ్మాయి ఏదైనా హెల్ప్ కావాలా అని రెండుసార్లు అడిగింది. వేలు మానాక ఆయనే నన్ను మళ్ళీ స్కీయింగ్‌కి తీసుకెళ్ళమని ఆంటీని అడిగారు. భయం కాళ్ళలో ఉండిపోకూడదని అన్నారట. నేను వెళ్ళాను. ప్రతి చుట్టుకీ గది బయట నిలబడ్డ తాతయ్య ముందు ఆగి, వేళ్ళు ఆడించి చూపించాను. బూటు పైనుంచి ఆయనకి కనపడవని ఇద్దరికీ తెలుసు.

తాతయ్య పోయి చాలా ఏళ్ళయింది. ఆ ఎడమకాలి చిటికెన వేలు ఇప్పటికీ ఇంట్లో అందరికంటే ముందు చలిని కనిపెడుతుంది. ఇప్పుడు మా కాంప్లెక్స్ పిల్లల్ని నేనే తీసుకెళ్తున్నాను. బయల్దేరే ముందు అందరినీ వరసగా కూర్చోబెట్టి సాక్స్ చూస్తాను, రెండో జత దొరికితే లాగేస్తాను. తల్లిదండ్రులు వెనక నన్ను సాక్స్ ఆంటీ అంటారని నాకు తెలుసు. చలేస్తోందా అని నేను ఏ పిల్లనీ అడగను. వేళ్ళు తెలుస్తున్నాయా అని అడుగుతాను.

పోయిన శీతాకాలం ప్లెయిన్స్‌బరో నుంచి మా కాంప్లెక్స్‌కి కొత్తగా వచ్చిన ఎనిమిదేళ్ళ పిల్ల ఒకత్తి రెండు చుట్లు తిరిగి వచ్చి, "ఆంటీ, నా ఫీట్ హర్ట్ అయింది, బట్ ఇప్పుడు హర్ట్ అవ్వట్లేదు, ఐ యామ్ గుడ్" అంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ పిల్లని అక్కడే దారి పక్కన బెంచీ మీద కూర్చోబెట్టి బూట్లు లాగాను, సాక్స్ లాగాను, నా జాకెట్ జిప్ కూడా సగం లాగేశాను. వేళ్ళు గులాబీరంగులో, వెచ్చగా, గునగునా కదులుతున్నాయి. లేసు బిగుతైతే తనే వదులు చేసుకుందట, అంతే. చక్కిలిగిలికి పకపకా నవ్వి, "ఆంటీ, యూ ఆర్ సో వియర్డ్" అంది. వాళ్ళమ్మకి మాత్రం నవ్వు రాలేదు. మంచులో పిల్ల కాళ్ళకి బట్ట లేకుండా చేశానని రెండు వారాలు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

మాట్లాడకపోతే పోనీ. వేళ్ళు పదీ ఉన్నాయి, లెక్కపెట్టి మరీ సాక్స్ తొడిగాను. వచ్చే ఏడు కూడా ఏ పిల్లయినా నొప్పి పోయిందంటూ వస్తే, అక్కడే కూర్చోబెట్టి విప్పిస్తాను.